మంత్రిగారి తరఫు కాలేయం

మంత్రిగారు స్టేజీ ఎక్కి అందరి ముందూ డబ్బా ఇస్తారట అని ఎదురింటి పిన్నిగారు చెప్పిందని భార్య చెప్పేసరికి నీడకి కాఫీ గొంతుకి అడ్డం పడింది.

"ఏం డబ్బా?" అన్నాడు, తెలియనట్టు.

"మలం డబ్బా. కడుపులో పురుగుల పరీక్షకి ఇంటింటికీ పంచుతున్నారటగా. మొదటి డబ్బా మంత్రిగారిదేనట. పిన్నిగారికి కుట్టుమిషనావిడ చెప్పిందట, ఆవిడకి ఇంకెవరో చెప్పారట. అక్కడే కానిస్తారా, లోపలికెళ్ళొస్తారా అని వీధివీధంతా ఒకటే చర్చ."

నీడ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. ఆ డబ్బా గురించి పేపర్లకి ప్రకటన రాసింది తనే మరి. 'పురుగురహిత సమాజ స్థాపనలో తొలి అడుగుగా గౌరవ మంత్రివర్యులు తొలి నమూనాను స్వయంగా, స్వహస్తాలతో సమర్పించెదరు.' 'స్వహస్తాలతో' అన్న మాట పడినప్పుడు తన భుజం తనే తట్టుకున్నాడు కూడా. ఆ మాట ఎక్కడికి దారి తీస్తుందో అప్పుడు ఆలోచించలేదు. ఆలోచించడం తన ఉద్యోగంలో లేదు.

నీడ ఆరోగ్య శాఖ మంత్రిగారి ఆంతరంగిక కార్యదర్శి. ఎప్పుడూ ఆయన వెనకే ఉంటాడని అందరూ అలా పిలుస్తారు. అసలు పేరొకటి ఉంది గాని, దాని అవసరం జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ పడలేదు. మంత్రిగారి తరఫున సంతకాలు పెడతాడు. మంత్రిగారి తరఫున చావులకెళ్ళి కళ్ళు తుడుచుకుంటాడు. ఒకసారి మంత్రిగారి తరఫున తెర వెనక నిరాహార దీక్ష కూడా చేశాడు. చిక్కింది నీడ, చిక్కారని పేపర్లో పడింది మంత్రిగారు. కెమెరా ముందు తినడం, కెమెరా ముందు నవ్వడం, ఈ రెండు శాఖలు మాత్రం మంత్రిగారు స్వయంగా చూసుకుంటారు. నీడ కాలేజీలో రాజనీతి శాస్త్రం చదివినవాడు. ప్రాతినిధ్య ప్రభుత్వం అనే పాఠాన్ని తనంత లోతుగా అమలు చేసినవాడు ఆ బ్యాచిలో ఇంకొకడు లేడని గడ్డం గీసుకుంటూ అద్దంలో అనుకుంటుంటాడు. అద్దం ఎప్పుడూ ఎదురు చెప్పలేదు.

ప్రారంభోత్సవం నాడు పొద్దున మంత్రిగారు కండువా సర్దుకుంటూ అడిగారు.

"ఏరా, డబ్బా రెడీయేనా?"

"అయ్యా, అది... తమరిదే కావాలంటున్నారు."

"ఫైళ్ళ మీద సంతకం ఎవరిది కావాలంటారు?"

"తమరిదే."

"పెట్టేదెవరు?"

"నేనే."

"పెట్టాక అది ఎవరిదవుతుంది?"

"తమరిదే అవుతుందయ్యా."

"మరింకేం, వెళ్ళు. బ్యాండువాళ్ళు ఎండలో నిలబడ్డారు."

నీడ వెళ్ళాడు. కాసేపటికి ముఖమల్ గుడ్డ కప్పిన పళ్ళెంలో డబ్బా స్టేజీ ఎక్కింది. మంత్రిగారు దాన్ని రెండు చేతులా పైకెత్తి నలువైపులా చూపించారు. బ్యాండు మోగింది. స్కూలు పిల్లలు చప్పట్లు కొట్టారు. ఒక మూల నిలబడ్డ నీడకి కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళ సర్వీసులో తన సొంత కృషికి ఇంత బహిరంగ గౌరవం దక్కడం అదే మొదలు.

వారం తిరక్కుండా పరీక్షల డాక్టరమ్మ ఆఫీసుకి వచ్చింది. పొట్టిమనిషి, మాట మాత్రం పొడుగు.

"డబ్బాలో పురుగు గుడ్లున్నాయి సార్. చేపల ద్వారా వచ్చే పురుగు. పచ్చి చేప తినే అలవాటుందా?"

ఉందా అంటే! ఎన్నికలొచ్చినప్పుడల్లా మంత్రిగారు నది ఒడ్డుకెళ్ళి, అప్పుడే పట్టిన చేపని కోయించి, నిమ్మకాయ పిండి, పచ్చి ముక్క నోట్లో వేసుకుని "నేను ఈ నీటి బిడ్డని" అంటారు. ఓట్లు చేపల్లా వచ్చి వల్లో పడతాయి. మంత్రిగారు తినేముందు రుచి చూసేది నీడ. ఫొటోగ్రాఫరు వెలుగు సరిపోలేదంటే మళ్ళీ రుచి చూసేదీ నీడే.

"అది కాలేయంలో పసరు పారే సన్న గొట్టాల్లో కాపురం పెడుతుంది సార్. ఆకులా పల్చగా ఉంటుంది. ఏళ్ళ తరబడి అక్కడే ఉండి గోడల్ని గీరి గీరి పుండు చేస్తుంది. మానడం, రేగడం, మానడం, రేగడం. అలా ఉండగా ఉండగా కొందరికి అక్కడే క్యాన్సర్ పుడుతుంది. అందరికీ పుట్టదు. కానీ పుట్టాక మా చేతుల్లో పెద్దగా ఏమీ ఉండదు. పురుగైతే ఒక్కరోజు మాత్రలతో పోతుంది."

క్యాన్సర్ అన్న మాట వినగానే నీడ చెయ్యి తనకి తెలియకుండానే కుడి డొక్క మీదికి పోయింది. మంత్రిగారు అది చూసి, తన చెయ్యి కూడా తన కుడి డొక్క మీద వేసుకున్నారు. ఫొటోగ్రాఫరు అప్పుడే లోపలికొచ్చాడు మరి.

మర్నాడు పేపర్ల నిండా మంత్రిగారి కాలేయమే. 'ప్రజల చేప తిన్నందుకు ప్రజానాయకుడికి పురుగు' అని నీడ రాసిన ప్రకటన మొదటి పేజీలో పడింది. యువజన విభాగం కుర్రాళ్ళు "మా కాలేయం తీసుకో" అని అట్టలు పట్టుకుని ఊరేగారు. ఆ అట్టలు రాయించింది కూడా నీడే. ప్రతిపక్షం ఊరుకుంటుందా? తమ నాయకుడి కడుపులో అంతకంటే ఎక్కువ పురుగులున్నాయనీ, ప్రభుత్వం ఆ సంఖ్యని తొక్కిపెడుతోందనీ సభలో గందరగోళం చేసింది.

ఇంత సందట్లో నీడ ఇంట్లో మాత్రం అన్నం కలుపుతూ ఆగిపోయాడు.

"ఏమైంది?" అంది భార్య.

"ఆ పురుగు నాది."

ఆవిడ గరిటె కింద పెట్టింది. "అయితే మందు మీరు మింగాలి కదా?"

"మందు మంత్రిగారికిస్తున్నారు. కెమెరాల ముందు."

"మరి మీరు?"

"నేను ప్రకటన రాస్తున్నాను."

ఆవిడ మొహంలోకి చూసి నీడ తలదించుకున్నాడు. ఆ కళ్ళలో తన రూపంలో కనిపించిన వెధవ తనకి చాలాకాలంగా తెలుసు.

మాత్రల సభ ఘనంగా జరిగింది. మంత్రిగారు మొదటి మాత్ర నాలుక మీద పెట్టుకుని, నీళ్ళు తాగి, నోరు తెరిచి చూపించారు. కెమెరాలు అటు తిరగ్గానే బుగ్గలోంచి తీసి నీడ అరచేతిలో పెట్టారు.

"ఛీ, చేదు! ఇది నువ్వు చూసుకో. మిగతావీ నువ్వే కానిచ్చెయ్."

నీడకి ఆ క్షణంలో మంత్రిగారు దేవుడిలా కనిపించారు. మంత్రిగారి ఎంగిలి మాత్రతో మొదలుపెట్టి, మధ్యాహ్నానివీ సాయంత్రానివీ కూడా వరసగా మింగేశాడు. తల గిర్రున తిరిగింది. కడుపులో తిప్పింది. మంచం మీద పడుకునే 'మందు ప్రభావంతో మంత్రిగారికి తల తిరుగుతున్నది, అయినను ఫైళ్ళు చూచుచున్నారు' అని ప్రకటన చెప్పి రాయించాడు. తన జీవితంలో రాసిన ప్రకటనలన్నిటిలోకీ సగం నిజమున్నది అదొక్కటే.

నెల పోయాక రెండో డబ్బా అడిగారు. రెండో డబ్బా కూడా నీడే ఇచ్చాడు. ఒక్క గుడ్డు లేదు. 'పురుగుపై ప్రభుత్వ విజయం' అని అట్టలు లేచాయి. మంత్రిగారికే తగ్గిపోయాక ప్రజలకి మాత్రం ఎందుకుంటుందని, డబ్బాల పథకాన్ని విజయవంతంగా ముగించేశారు. భయం పోయిందని చాటడానికి మంత్రిగారు నది ఒడ్డుకెళ్ళి ఇంకో పచ్చి ముక్క తిన్నారు. టీవీలో అది చూసిన డాక్టరమ్మ నీడకి ఫోన్ చేసింది.

"మీ సారుకి చెప్పింది బుర్రకెక్కలేదా?"

"ఎక్కిందండీ. నా బుర్రకి ఎక్కింది," అన్నాడు నీడ.

ఆ తర్వాత చేప తెచ్చిస్తే నీడ ముట్టలేదు. ఫొటోగ్రాఫరు వెలుగు సరిపోలేదన్నా ముట్టలేదు. మంత్రిగారే రెండు ముక్కలు ఎక్కువ తిన్నారు.

చలికాలం పోయి ఎండలు ముదిరేసరికి మంత్రిగారికి ఒంటిమీద దురద మొదలైంది. గోక్కుంటూనే మీటింగులు నడిపారు. ఒకరోజు కళ్ళజోడు అందిస్తూ నీడ ఆ కళ్ళలోకి చూశాడు. తెల్లగుడ్డు పసుపురంగు తిరిగి ఉంది. కొంచెం తిరగడం కాదు, బాగా. మంత్రిగారి కడుపుని ఇంతవరకు ఎవరూ చూడలేదు. దీనికి మాత్ర పడలేదు, పరీక్ష జరగలేదు. అన్నీ జరిగింది తన కడుపుకి. ఆ సంగతి ప్రపంచంలో తెలిసినవాళ్ళు ముగ్గురు: తను, తన భార్య, మంత్రిగారు. అందులో ఒకరికి తెలిసినా పట్టలేదు.

పార్టీ మాత్రం చురుగ్గా స్పందించింది. ఫొటోల్లో పసుపు తీసేయడానికి ఒక మనిషిని పెట్టారు. మంత్రిగారికి నల్ల కళ్ళద్దాలు తెచ్చారు. రెండు రోజుల్లో యువజన విభాగం మొత్తం నల్ల కళ్ళద్దాల్లో తిరిగింది. మెట్లు కనపడక ఇద్దరు పడ్డారు.

"చెప్పెయ్యండి," అంది భార్య. "అవి కామెర్లు. మీకు భయం ఆయన పోతాడనా, మీ కుర్చీ పోతుందనా?"

నీడ నిజాయితీగా ఆలోచించాడు. కుర్చీ ముందు తట్టింది. దానికి సిగ్గుపడ్డాడు. ఆ తర్వాత తన పెళ్ళి గుర్తొచ్చింది. ఆ రోజు మంత్రిగారు స్వయంగా వచ్చి పందిట్లో కూచుని, పెళ్ళికూతురి తరఫు ముసలాయనతో పేకాట గురించి పోట్లాడి, భోంచేసి వెళ్ళారు. కెమెరా కూడా లేదు.

మర్నాడు గది తలుపు వేసి అన్నాడు. "అయ్యా, తమరు స్కాన్ తీయించుకోవాలి. ఆ మాత్రలన్నీ నేను మింగాను."

"తెలుసురా. నేనే ఇచ్చానుగా."

"రెండో డబ్బా కూడా నాదేనండి."

"తెలుసు. క్లీనని వచ్చిందిగా?"

"నాకు క్లీనని వచ్చిందయ్యా! తమరికి కాదు."

మంత్రిగారు గోక్కోవడం ఆపి, జాలిగా చూశారు. "ఒరే, నీకు చదువెక్కువై ఇలా అయిపోయావు. నువ్వు పెట్టిన సంతకంతో వంతెన మంజూరైంది. మీద బస్సులు పోతున్నాయా లేదా?"

"పోతున్నాయి."

"మరి? స్కాన్ కావాలంటున్నావు. సరే, పెట్టించు. నేనూ వస్తాను. ఆసుపత్రిలోకి వెళ్తున్న ఫొటో ఉంటే సానుభూతి బాగుంటుంది."

నీడకి ప్రాణం లేచొచ్చింది. వస్తానన్నారు, చాలు. గుమ్మం దాటితే మిగతాది డాక్టరమ్మే చూసుకుంటుంది.

మంత్రిగారు వచ్చారు. గుమ్మంలో ఫొటోలకి నిలబడ్డారు. స్కాన్ గదిలోకి కూడా వచ్చారు. అక్కడ మంచం, తెర, గోడవారగా ఒక కుర్చీ ఉన్నాయి. మంత్రిగారు కుర్చీలో కూచుని, కాలు మీద కాలేసుకుని, నీడకేసి చూసి మంచం వైపు గడ్డం ఎగరేశారు.

"అయ్యా, ఈ ఒక్కసారికి..." అన్నాడు నీడ.

"ఊఁ, కానీ. నాకవతల మీటింగుంది."

నీడ డాక్టరమ్మకేసి చూశాడు. డాక్టరమ్మ మంత్రిగారి నల్ల కళ్ళద్దాలకేసి, ఆ అద్దాల పక్క చర్మం రంగుకేసి చూసింది. ఏదో అర్థమైనట్టు నిట్టూర్చింది. తర్వాత నీడతో, "పడుకోండి," అంది.

పదిహేనేళ్ళ అలవాటు నీడని మంచం మీదికి తోసింది. చొక్కా పైకెత్తాడు. చల్లటి జిగురు పొట్ట మీద పడింది. డాక్టరమ్మ యంత్రం పిడిని ఆ జిగురులో తిప్పుతూ, తెర మీద బూడిదరంగు మబ్బుల్ని చాలాసేపు చూసింది. ఎంతసేపు చూస్తే అంత బాగా చూసినట్టని మంత్రిగారు తృప్తిగా మెడ గోక్కున్నారు.

"ఏవమ్మా," అన్నారు. "ఎలా ఉంది నా కాలేయం?"

"బ్రహ్మాండంగా ఉంది సార్," అంది డాక్టరమ్మ, తెర మీంచి చూపు తిప్పకుండా. "ఈయన పొట్టలో ఉన్నంతకాలం దానికి ఏ ఢోకా లేదు. మీ పొట్టలో ఉన్నది ఎవరిదో, వాళ్ళని రమ్మనండి."

మంత్రిగారు తన పొట్ట తడుముకుని, నల్ల కళ్ళద్దాలు కొంచెం కిందికి దించి, అయితే ఇది నీదా అన్నట్టు నీడకేసి చూశారు.