నలభై ఆరు డిగ్రీల అంకితభావం

ఈ వేసవిలో పారిశుధ్య కార్మికులెవరూ ఎండదెబ్బకు గురికారాదని కార్పొరేషన్ స్పెషల్ ఆఫీసర్ గోపీనాథ్‌గారు ఏప్రిల్ మొదటి వారంలోనే ఉత్తర్వు జారీ చేశారు. కాపీలు పన్నెండు విభాగాలకు వెళ్లాయి. సూర్యుడి చిరునామా ఫైల్లో లేనందున ఆయనకు మాత్రం పంపలేకపోయారు.

ఉత్తర్వు అమలు కోసం డాక్టర్ ఉదయశ్రీని పిలిపించారు. ఆయనలాగే ఆమెదీ ఆంధ్రానే. ఉద్యోగరీత్యా కోల్‌కతా చేరి, ఏటేటా ముదురుతున్న ఎండలు మనిషి ఒంటికి చేసే చేటు మీద మూడేళ్లుగా పరిశోధిస్తోంది. ఖిదిర్‌పూర్‌లో వీధులూడ్చే నలభై మంది చేతులకు బ్యాండ్లు కడితే, అవి ఒంటి వేడిని కొలిచి ఆఫీసుకు పంపుతాయని వివరించింది.

"ముప్ఫై ఎనిమిదిన్నర దాటితే ప్రమాదం సార్. వెంటనే నీడలో కూర్చోబెట్టి నీళ్లివ్వాలి."

"ఎక్సలెంట్! ఇదీ గవర్నెన్స్ అంటే!" అన్నారు గోపీనాథ్‌గారు. గదిలో ఏసీ పద్దెనిమిదిలో ఉంది. భుజాల మీద శాలువా సర్దుకుని సంతకం పెట్టారు.

వారం తిరిగేసరికి గ్రాఫులు చదవడం ఆయనే నేర్చేసుకున్నారు.

"ఈ అప్పమ్మను చూడండి, ముప్ఫై తొమ్మిది! ఎంత సిన్సియర్! ఈ ప్రదీప్‌కుమార్ ముప్ఫై ఏడు దాటడే! పని చేస్తే ఒళ్లు వేడెక్కాలా, వద్దా?"

"అతన్ని నీడలో కూర్చోమన్నది నేనే సార్."

"మీ మంచితనం వాడికి అలుసైపోయింది."

మర్నాడు ప్రదీప్‌కుమార్‌కి మెమో అందింది. 'విధి నిర్వహణలో శరీరము తగినంత వేడెక్కకపోవుటకు గల కారణములను మూడు దినములలో తెలుపవలెను.'

ఆ తర్వాత నీడ వైపు ఎవరూ పోలేదు. ఉదయశ్రీ ఐదు ఉత్తరాలు రాసింది. ఐదూ పరిశీలనలో ఉన్నాయని జవాబొచ్చింది. మే నెల మధ్యలో ఒక రోజు మధ్యాహ్నం రెండు గంటల ఎండలో, ఆంధ్రా నుంచే వలసొచ్చి ముప్ఫై ఏళ్లుగా ఆ వీధులే ఊడుస్తున్న అప్పమ్మ చీపురుతో సహా కూలిపోయింది. ఉదయశ్రీ, ప్రదీప్‌కుమార్ చేపల బజారు నుంచి ఐసు తెచ్చి ఒళ్లంతా తడిపి ఆసుపత్రికి చేర్చారు. మూడో రోజుకి గానీ ఆమె మనుషుల్ని గుర్తుపట్టలేదు.

"ఏటి మేడమ్, నువ్వు నీళ్లు తాగమంటావు. తాగితే ఆ బాబు మెమో ఇచ్చీస్తాడు. నీ మాట ఇనాలా, నా ఉద్యోగం సూసుకోవాలా?"

ఉదయశ్రీ మర్నాడు పొద్దున్నే కార్మికుల డిపోకి వెళ్లి, బ్యాండ్లన్నీ తన చేత్తోనే విప్పి ప్రదీప్‌కుమార్‌కిచ్చింది. రేకుల కప్పు చూపించింది.

"ఎండ దాని మీద బాగా పడుతుంది."

"మరి నీ లెక్కలు పాడైపోవా దీదీ?"

"పోతాయి. నిచ్చెన ఎక్కు."

ఆనాటి నుంచి పదకొండు నుంచి నాలుగు దాకా బ్యాండ్లు కప్పు మీద డ్యూటీ చేశాయి. మనుషులు నీడలో నీళ్లు తాగారు. తెల్లారకట్ల, సాయంత్రం చల్లబడ్డాక వీధులూడ్చారు. ఖిదిర్‌పూర్ వీధులు ముందుకన్నా శుభ్రంగా ఉన్నాయి. ఒక్కరికీ జబ్బు చెయ్యలేదు.

జూన్ మొదట్లో గోపీనాథ్‌గారు ఫోన్ చేశారు. "నలభై ఆరు డాక్టర్‌గారూ! అందరూ ఒకేసారి! ఏం టీమ్‌వర్క్!"

"సార్, ఒంట్లో అంత వేడుంటే మనిషి బతకడు."

"బతికారు కదండీ! ఒక్కరూ ఆసుపత్రికి పోలేదు కూడా. మీ పుస్తకాలు రాసినవాళ్లు మనవాళ్ల స్టామినా ఎప్పుడు చూశారు?"

"నిజం చెప్పాలంటే సార్, ఆ బ్యాండ్లు..."

"ఎవరైనా తీసేస్తున్నారా? పేరు చెప్పండి. ఈ పూటే ఉద్యోగంలోంచి పీకేస్తాను."

ఆమెకు నలభై పేర్లూ తెలుసు.

"బాగా పనిచేస్తున్నాయి సార్," అంది.

వానలు పడ్డాక మంత్రిగారు సభ పెట్టి గోపీనాథ్‌గారికి జ్ఞాపిక ఇచ్చారు. ఈ విధానాన్ని తమ ఊళ్లకూ పట్టుకుపోదామని మూడు రాష్ట్రాల అధికారులు వస్తామన్నారు. ఇంత పేరు తెచ్చిన బ్యాండ్లు ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని మరుసటి ఏప్రిల్‌కి చేతికి కట్టాక వేసేందుకు ఒక్కోదానికీ చిన్న తాళం చేయించారు. తాళంచెవులు ఆఫీసులో ఉంటాయి.

తాళాలు వేసే రోజే డిపో గోడకి కొత్త బోర్డు బిగించారు. 'కార్మికుల సురక్షిత శరీర ఉష్ణోగ్రత నలభై ఆరు డిగ్రీలు. అది దాటనివారికి విశ్రాంతి వర్తించదు. ఆధారం: డాక్టర్ ఉదయశ్రీ పరిశోధన' అని బెంగాలీలో, కింద ఇంగ్లీషులో ఉంది.

కోలుకుని మళ్లీ పనిలో చేరిన అప్పమ్మ, తాళాల కోసం కట్టిన వరుసలో మొదట నిలబడి ఉంది. ఆమెకు చదువు రాదు.

"ఏటి రాసినారు మేడమ్?"

ఉదయశ్రీ బోర్డుని పైనుంచి కిందిదాకా రెండుసార్లు చదివింది.

"నా పేరు రాశారు," అంది.

"మంచిదే కదమ్మా!" అని సంబరపడి, అప్పమ్మ తాళం వేసే గుమాస్తా వైపు చెయ్యి చాపింది.