ఎముకల ముగ్గు

ఆ ఉదయం నాగభూషణరావు పెట్టుకున్న పనులు రెండే. కొట్టు తెరవడం, కూతురు మహాలక్ష్మిని పదిగంటల హైదరాబాదు బస్సెక్కించడం. కృత్రిమ కీళ్లూ ఎముకలూ తయారుచేసే కంపెనీలో రేపు ఆమెకు ఇంటర్వ్యూ. బయోమెడికల్ మెటీరియల్స్ చదివితే ఏం ఉద్యోగమొస్తుందని మార్కాపురంలో అడగనివాడు లేడు. రెండేళ్లుగా "డాక్టరు లాంటిదేలే" అని చెప్పీ చెప్పీ ఆయనకు విసుగెత్తిపోయింది.

మహాలక్ష్మి సంచి సర్దుకుంటూ వంటింట్లోకి వచ్చింది. "అమ్మా, బియ్యం డబ్బా పక్కన నా స్టీలు డబ్బా ఏది?"

"ఆ తెల్ల ముగ్గుపిండా? ఎంత సన్నంగా జారిందే! వాకిలి నిండా ముగ్గేసినా. ఎదురింటి పార్వతి వదిన అడిగితే రెండు గుప్పిళ్లు ఇచ్చినా," అంది తల్లి కోటిరత్నం మురిసిపోతూ.

"అది ముగ్గుపిండి కాదమ్మా, ఎముకల పొడి! రెండేళ్లు తిప్పలుపడి చేసుకున్నా. రేపు వాళ్లకు చూపించాల్సింది అదే!"

నాగభూషణరావు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "ఏం ఎముకలు?"

"గొర్రెవి. గొర్రెలు కాసే వెలిగండ్ల ఓబులయ్య మామ తెచ్చిచ్చినాడు. బట్టీలో కాల్చి నూరితే ఆ పొడి వస్తది. విరిగిన ఎముక సందులో నింపితే అతుక్కుంటది, నాయనా."

కోడిగుడ్డు పేరెత్తితేనే నోరు కడుక్కునే ఇల్లది. ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది. "లక్ష్మీదేవి నడిచే వాకిట్లో గొర్రె బొమికలా! ఇందుకేనా నిన్ను చదివించింది?" అంటూ బక్కెట అందుకున్నాడు.

"నీళ్లు పొయ్యొద్దు నాయనా! కుంచెతో ఎత్తుకుంటా!" అని కూతురు పరుగెత్తుకొచ్చేలోపే రెండేళ్ల చదువు కాలవలో కలిసింది.

"మా వాకిట్లోది గూడా అదేనా అన్నా?" అని ఎదురింట్లోంచి పార్వతి కేకపెట్టింది. అక్కడా రెండు బక్కెట్లు పోశాడు. పార్వతి తన పక్కింటికీ ఓ గుప్పెడు పంచిందని తేలింది. అక్కడా పోశాడు. కోటిరత్నాన్ని తలస్నానం చెయ్యమన్నాడు, పురోహితుడికి ఫోను చేశాడు, ఇంకా కోపం చల్లారలేదు.

మహాలక్ష్మి ఏడవలేదు. ఖాళీ స్టీలు డబ్బా తెచ్చి ఆయన ముందు బోర్లించింది. "నువ్వు కడిగింది ముగ్గు కాదు, నా ఉద్యోగం!"

"పోనీ! సిమెంటు దుకాణం పెట్టిస్తా, కూర్చో! అదీ మెటీరియలే!"

సరిగ్గా అప్పుడే ఓబులయ్య భుజాన గోనెసంచితో వీధిలోకి వచ్చాడు. "శెట్టిగారూ, పాప ఇంకొన్ని కావాలనింది. ఉడకబెట్టి, శుభ్రంగా కడిగి తెచ్చినా," అని సంచి దించబోయాడు.

"ఓబులయ్యా! దించినావంటే చూడు!" అని నాగభూషణరావు వీధి అదిరిపోయేట్టు అరిచాడు. ఆ అరుపుకు ఆయన పన్నొకటి ఊడి చేతిలోని బక్కెటలో టంగుమని పడింది. నిరుడు ఒంగోలులో కట్టించుకున్న పన్ను అది. ఫారిన్ సరుకని, పప్పుచెక్కలు కూడా పటపటా కొరకొచ్చని బజారంతా చెప్పుకున్నాడు.

డాక్టరుకు ఫోను చెయ్యడానికి బీరువాలోంచి ఎక్స్‌రేతో సహా ఆ పంటి కాగితాలు తీయించాడు. మహాలక్ష్మి వాటిని లాక్కుని చదివింది. మళ్లీ ఒకసారి చదివింది.

"పైతొడుగే ఊడింది. స్క్రూ దవడలోనే ఉంది. నీ దవడ ఎముక అరిగిపోయిందని పొడి నింపి, దాంట్లో స్క్రూ దించినారు."

"ఏం పొడి?"

"ఎముకల పొడి. నేను చేసిందీ అట్లాంటిదే."

"గొర్రెదా?" అన్నాడు, గొంతు తగ్గించి.

"పశువుది. గొర్రె కంటే పెద్దది, నాయనా."

ఓబులయ్య నింపాదిగా సంచి దించాడు. పార్వతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాగభూషణరావు నోరు మూసుకున్నాడు. కోపం అలాగే ఉంది గానీ ఎవరి మీద చూపించాలో తోచలేదు.

"నా పొడి కాలవపాలు చేసినావు గదా. చొక్కా ఏసుకో, ఎక్స్‌రే తీసుకో. బస్సుకు నువ్వు గూడా వస్తా ఉండావు. రేపు వాళ్ల ముందు నోరు తెరిచి కూర్చోవాల," అంది మహాలక్ష్మి.

"నేనా? ఎందుకూ?"

"ఈ చదువుకు ఉద్యోగమేందని ఊరంతా అడుగుతా ఉంది గదా. జవాబు నీ నోట్లోనే ఉంది!"

ఆయన కూతురి సంచి పట్టుకుని గడప దాటుతుండగా పురోహితుడు మామిడాకులతో ఎదురొచ్చాడు. "శుద్ధి చెయ్యాల్సింది ఎక్కడమ్మా?"

కోటిరత్నం తడితల తుడుచుకుంటూ చెప్పింది. "వాకిళ్లు మూడూ కడిగేసినాం సామీ. మిగిలింది హైదరాబాదు పోతా ఉంది."