నిర్జీవుల బల్ల మీద జీవశాస్త్రం మాస్టారు

తొమ్మిదో తరగతి ప్రాక్టికల్ పరీక్షలో జీవశాస్త్రం మాస్టారు తవిటయ్య నిర్జీవుల బల్ల మీదికి వెళ్ళాడు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆ బడిలో పిల్లలు ఏటా నమూనాలను రెండు బల్లల మీదికి విడదీస్తారు. ఏ బల్ల మీద పెడితే, మళ్ళీ పరీక్ష దాకా అది అదే. కిందటేడు ఒక ఉల్లిపాయ పొరపాటున నిర్జీవి అయింది. తర్వాత మొలకెత్తినా ఎవరూ ఒప్పుకోలేదు.

మాస్టారిని తేల్చే వంతు లోహితకు పడింది. ఆయన నేర్పిన వరసలోనే మొదలుపెట్టింది.

"కదల్తన్నారు. బస్సూ కదుల్తాది. ఊపిరుంది. కొలిమితిత్తికీ ఉంటాది. ఎదుగుదలంటే... మా అన్నకి చెప్పిన నోట్సే మాకూ చెప్పినారు." పిల్లలు కిసుక్కుమన్నారు. "ఒక్క లక్షణం చూసి మోసపోకండని మీరే కదండీ చెప్పినారు?"

చెప్పాడు. బెత్తం పట్టుకుని మరీ చెప్పాడు.

ఇక మిగిలింది ప్రతిస్పందన. లోహిత అత్తిపత్తి ఆకును తాకింది. అది ముడుచుకుని సజీవుల బల్ల ఎక్కింది. తర్వాత ఆ పిల్ల ఆయన వైపు తిరిగింది.

"నీలవేణమ్మగారు పోయిన మర్నాడు మీరు బడికొచ్చి కణవిభజన చెప్పీసినారు. మీకేటీ అనిపించలేదేటండీ?"

పొద్దున్నే టీలో ఇప్పటికీ పోయిన భార్య కోసం అల్లం దంచి వేస్తున్నాననీ, తనకు అల్లం పడదనీ చెబితే చాలు, బతికి బయటపడేవాడు. కానీ పరీక్షలో నమూనా తానే జవాబు అందించకూడదు. ఆ నియమం పెట్టింది తనే. నియమం తప్పడన్న పేరొక్కటే ఆయనకు మిగిలిన ఆస్తి.

"స్పందన లేదండి," అంది లోహిత.

హెడ్మాస్టరు వచ్చి చూశాడు. "పోన్లెండి తవిటయ్యగారూ, ఇంటికెళ్ళి మాత్రం ఏటి చేస్తారు? నిర్జీవుల బీరువాలోంచే పాఠం చెప్పీండి."

అస్థిపంజరానికీ గులకరాయికీ మధ్య నిలబెట్టారు. ఆయన అక్కడి నుంచే పాఠాలు చెప్పాడు. తేడా ఎవరికీ తెలియలేదు. ఆయనకు కూడా.

శనివారం గుడ్డతో నమూనాల దుమ్ము దులిపేటప్పుడు లోహిత చేయి ఆయన చొక్కా మీద ఆగింది.

"గుండీ ఊడిపోనాది మాస్టారూ. అమ్మగారుంటే కుట్టీసేవోరు."

తవిటయ్య కళ్ళలోంచి నీళ్ళు కారాయి. ఆ పిల్ల దగ్గరగా వచ్చి, శ్రద్ధగా పరిశీలించింది.

"వానాకాలం కదండి. రాయికీ చెమ్మ పడతాది."

"సరైన జవాబు," అన్నాడు తవిటయ్య. గుడ్డ అందేలా మొహం కాస్త కిందికి వంచాడు.