రౌతుకు కళ్ళెం, గుర్రానికి టోపీ

గుర్రపు ప్రదర్శన పోటీలకు తగిన దుస్తులు, సరంజామా ఏవో తెలిపే నియమావళిని రౌతుల సంఘం ఈ ఏడు కొత్తగా అచ్చు వేయించింది. అందులో రెండే వరుసలు. ‘రౌతు’ అన్న శీర్షిక కింద: నోట్లో ఇనుప కళ్ళెం, పక్కచూపులు పడకుండా కళ్ళకు గంతలు, వీపున జీను, పాదాలకు నాడాలు, జూలు జడలుగా అల్లి ఉండవలెను. ‘గుర్రం’ అన్న శీర్షిక కింద: నల్లకోటు, తెల్లటై, టోపీ, చేతితొడుగులు ఒక జత. అడుగున పదకొండుమంది కార్యవర్గ సభ్యుల సంతకాలు. ‘చదివి ఆమోదించితిమి’ అని ఉంది గనుక చదివే ఉంటారు.

తప్పు మొదట పట్టినవాడు జీనులు కుట్టే పెద్దాయన. ముప్పై ఏళ్ళుగా తోలుతో బతుకుతున్నవాడు, ఏది ఎవరి నోట్లో ఉండాలో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. శీర్షికలు రెండూ తారుమారయ్యాయని చెబుదామని కార్యదర్శి గదికి వెళ్ళాడు.

“రావయ్యా, రా,” అన్నాడు కార్యదర్శి, నియమావళి మీద టీకప్పు పెడుతూ. “ఈ పోటీలో నెగ్గినవాళ్ళకే మన స్వారీ బడిలో శిక్షకుడి ఉద్యోగం. మీ అమ్మాయికి వచ్చే ఏడు వయసు దాటిపోతుందటగా. ఇదే ఆఖరు. ఇంతకీ ఏదో చెప్పడానికొచ్చావు?”

పెద్దాయన కప్పు వైపు చూశాడు.

“ఏం లేదయ్యా. కళ్ళేలు ఎన్ని కావాలో కనుక్కుందామని.”

పన్నెండు కావలసివచ్చాయి. పెద్దాయన పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మనుషుల నోళ్ళు కొలిచాడు. గుర్రాలైతే ఆ సమయంలో కరుస్తాయి. రౌతులు మాత్రం, కాస్త మెత్తటి తోలు వెయ్యమని బతిమాలుకున్నారంతే. బట్టతల వకీలుకు జూలు లేనందున ఆయన వైద్యుడి దగ్గర ధ్రువపత్రం తెచ్చుకున్నాడు. చేతితొడుగులు ఒక జతే గదా, గుర్రానికి ఏ రెండు కాళ్ళకు తొడగాలన్న ధర్మసందేహం వచ్చింది. ఉపసంఘం మూడుసార్లు సమావేశమై, ముందుకాళ్ళను చేతులుగా పరిగణించింది. ఇంత లోతుగా ఆలోచించే పెద్దలుండడం గుర్రాల అదృష్టం.

పెద్దాయన కూతురికి మాత్రం ఇదంతా మింగుడు పడలేదు. కొట్లో కొలత ఇవ్వడానికి కూర్చుని, “తప్పని తెలిసీ నువ్వెందుకు కుడుతున్నావు నాన్నా?” అని అడిగింది.

“ఒక్కరోజు నోరు మూసుకోమ్మా. ఉద్యోగం చేతికొస్తుంది.”

“మూసుకుంటే కళ్ళెం ఎలా పడుతుంది? తెరిచే ఉంచాలి.”

పోటీ రోజున పన్నెండుమంది రౌతులు నాడాలు టకటకలాడించుకుంటూ, వీపున జీనులు మోసుకుంటూ బోడి గుర్రాలెక్కి బారులు తీరారు. కార్యదర్శి వేదికెక్కాడు. “క్రమశిక్షణ కళ్ళ ముందు కనిపిస్తోంది. నియమావళిపై అభ్యంతరాలుంటే రౌతులు స్వయంగా, నిర్దేశిత వేషధారణలో ఉండి, నోటిమాటగా తెలపవలెను,” అని రెండు నిమిషాలు ఓపికగా ఎదురుచూశాడు. కళ్ళేల వెనకనుంచి “ఊఁ” అన్న శబ్దాలు వినిపించాయి. ఏకగ్రీవ ఆమోదంగా నమోదు చేశారు.

ఆ నమోదు సిరా ఆరకముందే అమ్మాయి ఎక్కిన ముసలి గుర్రం తల విదిలించి టోపీ కింద పారేసింది. ఆపైన మెడ వంచి టై నమిలింది. అది చూసి అమ్మాయికి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. నోట్లోంచి కళ్ళెం లాగేసి, మైదానమంతా వినపడేలా చెప్పింది: “ఇది అచ్చుతప్పు. కళ్ళెం గుర్రానిది, టోపీ నాది. ఈ సంగతి ఇక్కడ అందరికీ తెలుసు.”

కార్యదర్శి కంగారుపడలేదు. “సరంజామా విషయంలో మనకు అనుభవజ్ఞుడున్నాడు. ఆయన్నే అడుగుదాం,” అని ముందు వరుసలో ఉన్న పెద్దాయన వైపు తిరిగాడు. “ఏమయ్యా, తప్పుందా? నువ్వు ఉందంటే ఇప్పుడే సరిచేద్దాం. లేదంటే మీ అమ్మాయి మళ్ళీ కళ్ళెం పెట్టుకోవచ్చు, పోటీ కొనసాగుతుంది.”

పెద్దాయన లేచాడు. కూతురు ఆయన్నే చూస్తోంది. ఆయన గొంతులో మాట ఉంది, నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

“పుస్తకంలో ఉన్నట్టే కుట్టానయ్యా,” అన్నాడు.

అమ్మాయి గుర్రం దిగి నడిచి వచ్చింది. కళ్ళెం తండ్రి చేతిలో పెట్టి, “ఇది నీ కొలతే నాన్నా,” అని గుర్రాన్ని నడిపించుకుంటూ వెళ్ళిపోయింది. ఉద్యోగం, మధ్యాహ్నం భోజనానికి కూడా కళ్ళెం తియ్యని ఒక యువకుడికి దక్కింది.

ఆ తరవాత నియమావళిని సవరించారు. గుర్రాల కళ్ళేలు గుర్రాలకు వచ్చాయి గాని, రౌతులెవరూ తమవి వాపసు ఇవ్వలేదు, అలవాటైపోయాయట. పెద్దాయన కొట్లో ఇప్పుడు ఊపిరాడడం లేదు. ఆఫీసులవాళ్ళు వస్తున్నారు, బడిపంతుళ్ళు వస్తున్నారు, కొత్తకోడలి కోసం అత్తగార్లు వస్తున్నారు. ఒక పత్రికవారు తమ సిబ్బంది మొత్తానికి ఒకేసారి పురమాయించారు. కూతురు మాత్రం కొట్టు గడప తొక్కడం లేదు. ఆయనకు తిండి సహించడం లేదు. ఆ మాట ఎవరితోనూ అనడు.

పాఠకులకు ప్రత్యేకంగా కొలత ఇవ్వాల్సిన పని లేదు. అన్ని సైజులూ సిద్ధంగా ఉన్నాయి. సరుకు నాణ్యత గురించి కూడా బెంగ వద్దు: పెట్టుకున్నవాళ్ళలో ఒక్కరంటే ఒక్కరు ఇంతవరకు బాగాలేదని అనలేదు.