జానెడు తోపుడుకు మీటరు కడ్డీ

సబ్బుల ఫ్యాక్టరీలో, కదిలే బెల్టు మీది పెట్టెను పక్క బల్ల మీదికి తోయడమనే జటిల సమస్య పరిష్కారానికి ఏడుగురు పెద్దలతో ఎంపిక సంఘం ఏర్పాటైనదని యావన్మందికీ తెలియజేయడమైనది.

అప్పటిదాకా ఆ సమస్యను, అక్కడి మిషన్లు చూసే ఫిట్టరుకు వదినయ్యే ఆవిడ ఒంటిచేత్తో పరిష్కరిస్తోంది. నాలుగు సెకన్లకో పెట్టె, పదకొండేళ్ళుగా. ఇప్పుడా చెయ్యి జడ వేసుకోవడానికైనా పైకి లేవదు.

"ఆ మిషనేదో తొందరగా తెప్పించు మరిదీ. ఈ భుజం ఊడి బెల్టు మీద పడిందంటే, మీవాళ్ళు సబ్బుల్తోపాటు పెట్టెలో కట్టి పంపేస్తారు."

కావలసింది లీనియర్ యాక్చువేటర్. అంటే తిన్నగా ముందుకెళ్ళి వెనక్కొచ్చే తోపుడు కడ్డీ. ఫిట్టరు కొలిచి చీటీ రాసిచ్చాడు: బరువు నాలుగు కిలోలు, దూరం జానెడు, నాలుగు సెకన్లలో వెళ్ళి రావాలి. సమావేశపు బల్లకు ఒక కాలు పొట్టి. చీటీని నాలుగు మడతలు పెట్టి దానికింద దోపారు. ఆ విధంగా సంఘం చర్చలన్నీ ఫిట్టరు లెక్కల ఆధారంగానే సాగాయి.

గాలితో నడిచేది వద్దన్నారు, కంటికి కనబడనిదాన్ని నమ్మేదెలా అని. నూనెతో నడిచేది జిడ్డన్నారు. చివరికి కరెంటుది ఖాయమయింది. పక్క ఫ్యాక్టరీలో అరమీటరుది ఉందని తెలిసి మేనేజరు మీటరుది కావాలన్నాడు. బలం రెండు టన్నులు.

"అంత పొడుగూ బలమూ ఉన్నది నత్తనడక నడుస్తుందండీ," అన్నాడు ఫిట్టరు.

"నిదానమే పెద్దరికమయ్యా!" అన్నాడు మేనేజరు. రంగు మాత్రం నీలమా, ఆకుపచ్చా అన్నది ఏడో నెలలో తేలింది.

మిషను వస్తోంది గనక తోసే ఉద్యోగాన్ని ముందురోజే రద్దుచేసి, వదినను లేబుళ్ళ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆ ఆర్డరు మీద ఏడు సంతకాలు.

ప్రారంభోత్సవంనాడు కడ్డీ పెళ్ళికొడుకులా బయల్దేరింది. అది పెట్టెను తాకేలోపు పదిహేను పెట్టెలు దాన్ని దాటిపోయి నేలమీద పడ్డాయి. తాకిన పెట్టెను తోసింది. బల్లనూ తోసింది. బల్ల వెనక కుర్చీలో కూర్చుని ఉపన్యసిస్తున్న మేనేజరునూ తోసింది.

"మన సంస్థ ముందుకు సాగుతోంది..." అంటూ ఆయన వెనక్కి సాగి గోడను చేరాడు. ఫిట్టరు స్విచ్చి కట్టేశాడు.

బెల్టు ఆగడానికి వీల్లేదు. వదిన మళ్ళీ తొయ్యాలంటే ఆ ఉద్యోగం తీసేసిన ఆర్డరు రద్దు కావాలి, అందుకు ఏడుగురూ సమావేశం కావాలి. తోసేవాళ్ళు లేక పెట్టెలను ఆ ఏడుగురే వంతులవారీగా తోస్తున్నారు గనక సమావేశానికి ఎవరికీ చేతులు ఖాళీ లేవు.

"ఒంగకండి సార్, నడుము పట్టేస్తుంది," అని వదిన కూర్చున్నచోటునుంచే సాంకేతిక సలహాలిచ్చింది.

మధ్యాహ్నానికి మేనేజరు భుజం పట్టుకుని ఫిట్టరు దగ్గరకొచ్చాడు. "ఎంత దూరమన్నావు నాయనా?"

"జానెడండీ."

చిన్న కడ్డీ నాలుగో రోజుకల్లా వచ్చింది. సంఘం వేగాన్ని సంఘమే అభినందించుకుంది. పెద్ద కడ్డీ ఇప్పుడు ఫ్యాక్టరీ గేటు తెరుస్తోంది. అది తెరుచుకునేలోపు లారీ డ్రైవర్లు ఓ కునుకు తీస్తున్నారు. వదిన జడ తనే వేసుకుంటోంది.

నవ్వుతున్నారా? నవ్వండి. నవ్వి, ఒకసారి మీ వంటింట్లోకి వెళ్ళి చూడండి. ఆ పొయ్యిగట్టు ఎత్తు ఎవరి చేతికి కొలిచి కట్టించారు?