మరచిపొమ్మన్న లాప్‌టాప్

ఆయన్ని ఆఫీసులో అందరూ స్క్రూడ్రైవరు అంటారు. జేబులో ఎప్పుడూ ఒకటి ఉంటుంది. దానితో ఆయన బిగించినవి తక్కువ, వదులు చేసినవి ఎక్కువ. ఆ సంగతి ఆయనకి తప్ప అందరికీ తెలుసు.

ఆయన కడుపుమంటకి కారణం బావమరిది. పోయిన వారం వచ్చి, ఆగిపోయిన మిక్సీని కాఫీ చల్లారేలోగా తిప్పి వెళ్లాడు. అంతకుముందు అదే మిక్సీని స్క్రూడ్రైవరు రెండు రోజులు విప్పి, మూడు మరలు మిగిల్చాడు. అప్పట్నుంచి, కూతుర్ని చూడ్డానికొచ్చిన అత్తగారు కొడుకుని పొగడని పూట లేదు. వింటూ అన్నం తినాలంటే ఈయనకి ముద్ద దిగడం లేదు.

అందుకని ఒక పథకం వేశాడు. ఆ రోజు పదకొండింటికి భార్య మొట్టమొదటి ఆన్‌లైన్ కుట్టు క్లాసు. ఇరవైమంది చేరారు. నెల రోజులుగా ఆవిడ అద్దం ముందు నిలబడి మాట్లాడి మాట్లాడి గొంతు అరగదీసుకుంది. క్లాసుకి అరగంట ముందు లాప్‌టాప్‌లో నెట్ పోవాలి. ఇల్లంతా గగ్గోలెత్తాలి. అప్పుడు తను తీరిగ్గా వచ్చి బాగుచెయ్యాలి. అత్తగారు నోరు తెరిచి చూడాలి.

పోగొట్టడం ఎంత తేలికో ఆయనకి తెలుసు. లాప్‌టాప్ మీటల్లో విమానం బొమ్మ ఉన్నది ఒకటుంటుంది. అది నొక్కితే నెట్ పోతుంది, మళ్లీ నొక్కితే వస్తుంది. పదిన్నరకి భార్య నీళ్లు తాగడానికి లేచింది. ఈయన నొక్కాడు.

అనుకున్నట్టే ఆవిడ వచ్చి చూసి కంగారుపడింది. ఆవిడ క్లాసు పెట్టుకున్న వెనకగదిలో ఫోను సిగ్నలు కూడా అందదు. బయటికెళ్లి తమ్ముడికి ఫోన్ చేస్తానంది. స్క్రూడ్రైవరు చొక్కా చేతులు మడిచాడు.

"మీ తమ్ముడెందుకు, నేను చచ్చానా?"

"మీరు ముట్టుకుంటారనే భయం," అందావిడ.

వెంటనే మీట నొక్కేస్తే పనైపోయేది. కానీ తేలిగ్గా అయిపోతే పొగడ్తా తేలిగ్గానే ఉంటుందని ఆయన లెక్క. ముందు వైఫై డబ్బా తీగ పీకి మళ్లీ పెట్టాడు. డబ్బా నెత్తిన చెయ్యి పెట్టి జ్వరం ఉందన్నాడు. గుమ్మం దగ్గర గుడ్డ కత్తిరిస్తున్న అత్తగారు తలెత్తి చూసినప్పుడల్లా ఇంకో రెండు చోట్ల నొక్కాడు.

ఆ లాప్‌టాప్‌ని భార్య ఎప్పుడో తెలుగులోకి మార్చుకుంది. ఆయనకి ఇంగ్లీషు మాటలు ఎక్కడుంటాయో కంఠతా వచ్చు, తెలుగులో అడివిలా ఉంది. నెట్‌వర్క్ పేరు కింద "మరచిపో" అని కనపడింది. జరిగిందేదో మరచిపోయి మళ్లీ మొదలుపెడదామంటోంది కాబోలు, మంచి మర్యాదస్తురాలు అనుకుని నొక్కాడు. ఆ తర్వాత ఎవరూ చూడకుండా విమానం మీట కూడా నొక్కి, చేతులు దులుపుకున్నాడు.

నెట్ రాలేదు. దాని బదులు పాస్‌వర్డ్ అడిగింది.

అప్పుడు పడింది గుండెల్లో రాయి. రెండేళ్ల కిందట అత్తగారు వారానికని వచ్చి నెల ఉన్నప్పుడు, కడుపుమండి ఆ పాస్‌వర్డ్ పెట్టింది ఆయనే. జలగండం, వాహనగండం ఉన్నట్టు తన జాతకంలో ఇదొకటని, ఇంగ్లీషు అక్షరాల్లో "అత్తగండం" అని పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. అందరి ఫోన్లలోనూ తనే కొట్టి ఇచ్చాడు.

ఇప్పుడు ఆ గండం గుమ్మంలోనే కూర్చుని కత్తెర ఆడిస్తోంది.

"లే, నేను కొడతాను," అన్నాడు భార్యతో.

"మీ చెయ్యి పడిందంటే ఇంకేదో మరచిపోతుంది. అక్షరాలు చెప్పండి, నేను కొడతాను."

గడియారం పదకొండుకి పన్నెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఆవిడ గడియారం కేసీ తెర కేసీ మార్చి మార్చి చూస్తోంది. అది చూసి ఆయనకి నిజంగానే జాలేసింది, తనమీద తనకి అసహ్యమూ వేసింది. చెవి దగ్గర వంగి గొణిగాడు. "ఎ, టి, టి, ఎ..."

"అత్తా?" అంది గుమ్మంలోంచి అత్తగారు.

ఆయన అక్షరాలు చెప్పడం ఆపేశాడు. ఆ ఇంగ్లీషు అక్షరాల్లో గండానికీ గంధానికీ పెద్ద తేడా ఉండదని ఆ క్షణంలో ఏ దేవుడు గుర్తుచేశాడో గానీ, ఆయన మొహం వికసించింది.

"అవునండి అత్తయ్యగారూ. అత్త, గంధం. మీరు ఇంట్లో ఉంటే గంధం పూసినట్టు ఉంటుందని."

మిగతా అక్షరాలు కూడా చెప్పాడు. భార్య కొట్టింది. తప్పు అంది లాప్‌టాప్. మళ్లీ కొట్టింది. మళ్లీ తప్పు. స్క్రూడ్రైవరు తల్లిమీద ఒట్టేసి అదే పాస్‌వర్డ్ అన్నాడు. చెమటకి కళ్లజోడు జారిపోతోంది. ఇంకో ఆరు నిమిషాలుంది.

అత్తగారు కత్తెర కింద పెట్టింది. "అది పాతది బాబూ. ఆర్నెల్లయింది మార్చి. నా కొత్త ఫోనుకి నెట్ పెడదామని అమ్మాయి మీ ఫోను తెరిస్తే మీ గంధం బయటపడింది. కొత్త పాస్‌వర్డ్ నేనే చెప్పాను, అన్నిట్లోనూ తనే కొట్టి పెట్టింది."

"కొత్తదేమిటండి?" అన్నాడు నీరసంగా.

"అత్త తీసేసి అల్లుడు పెట్టండి. వెనకది అలాగే ఉంచండి, సువాసనకి."

భార్య కుర్చీలోంచి లేచి ఆయన్ని కూర్చోబెట్టింది. కావాలంటే ఆవిడే కొట్టేది. కానీ ఇది మాత్రం ఆయన చేత్తోనే పడాలంది. స్క్రూడ్రైవరు ఒక్కో అక్షరం వెతుక్కుంటూ అల్లుడని కొట్టాడు, దాని వెనక గండమని కొట్టాడు. ఠక్కున నెట్ వచ్చింది. తెరమీద ఇరవై మొహాలు వరసగా తేలి, ఆయన్ని చూసి "నమస్తే టీచర్" అన్నాయి.

ఆయన కుర్చీ వదిలి గుమ్మం దాటేసరికి అత్తగారు అవతలి గదిలో కొడుకుతో ఫోన్లో మాట్లాడుతోంది. అమ్మాయి నిన్ను పిలుస్తానంది గానీ నువ్వు రానక్కర్లేదురా, మా అల్లుడుగారే బాగుచేశారు అంటోంది. ఈ మాట వినాలనే కదా ఇంత చేసింది, స్క్రూడ్రైవరు ఛాతీ కాస్త పొంగింది.

"ఎలాగేమిటి? పదిన్నరకి ఆయన ఆ విమానం మీట నొక్కుతుంటే నేను చూశాగా," అంది అత్తగారు.