మార్చేవాళ్ళు నలుగురు

ఆ ఉదయం మేనేజరు గారి పథకం చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్ళాలి, నలుగురు మనుషుల్ని ఎంచుకోవాలి, తన ఉద్యోగం నిలబెట్టుకోవాలి. ఆయన పనిచేసే పరుపుల కంపెనీలో ఆర్డర్లన్నీ కంప్యూటర్లోనే నడపాలని యజమానురాలు రెండేళ్ళుగా పోరుతోంది. బయటినుంచి నిపుణులు వచ్చి పాఠాలు చెప్పారు. వాళ్ళ కారు గేటు దాటగానే అందరూ మళ్ళీ కాగితం చీటీలే తీశారు. పరుపులు చేసేవాళ్ళకు నిద్ర లేవడం కాస్త కష్టమే మరి.

"ఇక బయటివాళ్ళు వద్దు. పద్ధతి మార్చేవాళ్ళు మనలోనే తయారవ్వాలి. అదీ మీవల్ల కాకపోతే మీ దారి మీరు చూసుకోండి" అని ఆవిడ తేల్చేసింది.

"తొందరపడి ఏదో ఒకటి అనేయకండి" అని భార్య గుమ్మందాకా వచ్చి మరీ హెచ్చరించింది.

ఆయన తొందరపడలేదు. ఆఫీసు వరండాలో నిలబడి, ఫోన్లో యజమానురాలితో నెమ్మదిగానే అన్నాడు. "అవును మేడమ్, మార్చేవాళ్ళు నలుగురు. విభాగానికి ఒకరు. సాయంత్రం పేర్లు చెప్పేస్తాను."

ఆ ముక్క రిసెప్షన్ అక్క చెవిన పడింది. మన భాషతో వచ్చిన చిక్కే అది. మార్చేవాళ్ళంటే మార్పు తెచ్చేవాళ్ళూ కావచ్చు, తీసేసి వేరొకరిని పెట్టాల్సినవాళ్ళూ కావచ్చు. అక్క రెండో అర్థమే తీసుకుంది. టీ వేళకల్లా నలుగురు కాస్తా నలభైమంది అయ్యారు. కంప్యూటరు రానివాళ్ళనే పంపించేస్తారట అని ప్యాకింగ్ వాళ్ళు తమ వంతు చెయ్యి వేశారు.

అప్పుడే మేనేజరు కుట్టు మేస్త్రిని పిలిచాడు. రెండేళ్ళుగా కంప్యూటరు మీద తువ్వాలు ఆరేసుకుంటున్న మహానుభావుడాయన.

"మేస్త్రీ, మీ విభాగంలో మీ పేరే అనుకుంటున్నాను."

మేస్త్రి మెడలోని టేపు తీసి బల్లమీద పెట్టేశాడు. "నామీద మీకేం పగ సార్?"

"పగేంటండీ? మీ మాటకి అక్కడ విలువుంది. అందుకే మీరు."

"విలువున్నవాణ్ణే ముందు పంపుతారా?"

"వెంటనే ఏం కాదు. ముందు వారంరోజులు శిక్షణ ఇస్తాం."

"పోయేవాడికి శిక్షణెందుకు సార్!" అని మేస్త్రి కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

తర్వాత స్టోరు బాబాయ్ వచ్చాడు. "నా పేరు మాత్రం వద్దు బాబూ, ఇంట్లో తట్టుకోలేరు" అని దండం పెట్టాడు. మధ్యాహ్నానికి కంపెనీ అంతా అదే పాట. మార్పు తేవడానికి ఒక్కడంటే ఒక్కడు ముందుకు రావడం లేదు. పాపం, మేనేజరు సొరుగు ఖాళీ చేసి సంచి సర్దుకున్నాడు.

సాయంత్రం యజమానురాలు వచ్చింది. ఆయన సంచితో సహా ఆవిడ వెనకాలే నడిచాడు. కుట్టు విభాగం తలుపు దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. ఎక్కడా చీటీ అన్నది లేదు. తువ్వాలు మేస్త్రి భుజం మీదికి చేరింది.

"ఇదిగో బాబాయ్, ఇక్కడ నొక్కితే ఆర్డరు నీ స్టోరుకి వచ్చేస్తుంది. పొద్దుట్నించీ మా అమ్మాయి ఫోన్లో చెప్తూనే ఉంది" అంటున్నాడాయన. బాబాయ్ అదే పాఠం ప్యాకింగ్ వాళ్ళకి అప్పజెబుతున్నాడు.

"వీళ్ళని ఎలా దారికి తెచ్చారు?" అంది యజమానురాలు.

"తెలీదు మేడమ్" అన్నాడు మేనేజరు నిజాయితీగా.

మేస్త్రి గబుక్కున లేచాడు. "మాకూ వచ్చేసింది మేడమ్. ఇంకా మార్చేవాళ్ళెవరో ఇప్పుడే చెప్పేయండి."

"ఇంకా ఎవరేమిటి? మీరందరూ మార్చేవాళ్ళే!" అంది ఆవిడ సంబరంగా.

"అయితే అందర్నీ తీసేస్తున్నారా!" అని రిసెప్షన్ అక్క బావురుమంది. అప్పటికిగాని మేనేజరుకు విషయం వెలగలేదు. "మిమ్మల్ని మార్చడం కాదర్రా! మీరు పద్ధతిని మార్చడం!" అని అరిచాడు.

గదంతా ఒక్కసారిగా హమ్మయ్య అంది. మేస్త్రి పక్కనున్న కొత్త పరుపు మీద వెల్లకిలా పడిపోయాడు. ఎవరూ లేవమనలేదు. సంచి కిందపెట్టి మేనేజరు కూడా ఓ మూల కూలబడ్డాడు.

"మార్చేవాళ్ళలో మొదటి పేరు మీదే రాస్తున్నాను" అంది యజమానురాలు మేనేజరుతో నవ్వుతూ.

ఆ సంతోషంలో ఆయన ఇంటి మెట్లు రెండేసి ఎక్కి, చెప్పులైనా విప్పకుండా, "మార్చేవాళ్ళలో మొదటి పేరు నాదే!" అని గుమ్మంలోంచే కేకేశాడు.

భార్య వెంటనే వాళ్ళన్నయ్యకు ఫోన్ చేసి, ఈయనకు ఎక్కడైనా ఓ ఉద్యోగం చూడమంది.